అనుభవం అన్న గడి

భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆమె ఫోన్లో పాఠం వింటోంది. మూడో చొక్కా దగ్గర ఆయన వచ్చి, "ఇంకా ఆ చదువేనా? లెక్కలన్నీ ఇప్పుడు ఏఐ చేసేస్తుందట. నువ్వు నేర్చుకుని ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడు. ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టెను మరికాస్త గట్టిగా నొక్కింది. రంగుల కొట్టు ఆయనదే. కానీ ఆయన సంచిలో కుక్కి తెచ్చే కాగితాలను భోజనాల బల్ల మీద పరుచుకుని పద్దెనిమిదేళ్లుగా లెక్కలు రాస్తున్నది ఆమె. అత్తగారు దానికి "మా కోడలి కాలక్షేపం" అని పేరు పెట్టారు. అకౌంటింగ్ కోర్సు దరఖాస్తు నింపినప్పుడు కూడా, అనుభవం అన్న గడిలో ఆయనే "లేదు" అని రాసేశాడు. పక్కనే నిలబడి తను నోరెత్తలేదు. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నం క్లాసులో పరీక్ష. అందులో నెగ్గినవాళ్లకు కంప్యూటర్ ల్యాబులో కొత్త బ్యాచికి నేర్పే పని ఇస్తారు, జీతంతో. ఆ పని తనకే రావాలని ఆమెకు కొండంత ఆశ. ఎవరికీ చెప్పలేదు.

ఎవరిదో రంగుల కొట్టు తాలూకు బిల్లుల ఫొటోలిచ్చి, ఏఐతో పట్టిక చేయించమన్నారు మేడమ్. "వీటిని పట్టికలో వేస్తారా అండీ" అని ఆమె టైప్ చేస్తుంటే పక్క సీటు పిల్ల పకపకా నవ్వింది.

"ఆంటీ, దానికి అండీ ఏంటి!"

"అడిగేది నేను కదమ్మా. నా మర్యాద నాది."

రెప్పపాటులో పట్టిక వచ్చేసింది. అందరూ అయిందనిపించి లేచారు. ఆమెకు మాత్రం మనసొప్పలేదు. ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసింది. ఒకదాని మూలన పెన్నుతో కొట్టిన ఏటవాలు గీత! సరుకు వాపసు పంపిన చీటీ అచ్చం బిల్లులాగే ఉంటుంది కాబట్టి కొట్లవాళ్లు దాని మీద అలా గుర్తు వేసుకుంటారు. ఏఐ దాన్ని కొన్న సరుకులో కలిపేసింది. వెతికితే అలాంటివి ఇంకో రెండు దొరికాయి.

"ఇవి వాపసు చీటీలండీ" అని రాసింది.

"క్షమించండి. మీరు చెప్పింది నిజమే."

ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదువుకుంది. పద్దెనిమిదేళ్లలో ఇంట్లో ఎవరూ తనతో ఆ మాట అనలేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది. వెంటనే అనుమానమూ వచ్చింది. గీత లేని బిల్లొకటి చూపించి, "ఇదీ వాపసే కదండీ?" అని కావాలనే అబద్ధమాడింది.

"అవును, మీరు చెప్పింది నిజమే!"

"దీని దుంపతెగ! ఏదంటే దానికి తలూపేస్తోంది!" పైకే అనేసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. దాని మెప్పు తనకెందుకు? గీత సంగతి దానికి తెలియదు, తనకు తెలుసు. ఎంత హాయిగా ఉందో!

మేడమ్ వచ్చి మూడు చీటీలూ చూశారు. "ఈ గీత సంగతి నేను పాఠంలో చెప్పలేదే. మీకెలా తెలుసు?"

"పద్దెనిమిదేళ్ల నుంచీ కొట్టు లెక్కలు నేనే రాస్తున్నాను మేడమ్."

"మరి దరఖాస్తులో అనుభవం లేదని ఉంది?" ఫైలులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టారు. "సరిచేసి సంతకం పెట్టండి. సోమవారం నుంచి ల్యాబు మీది."

ఆమె పెన్ను తీసుకుంది. ఆ గడిలో "పద్దెనిమిదేళ్లు" అని గుండ్రంగా రాసింది. ఆ తర్వాత, భర్త రాసిన "లేదు" మూలన ఏటవాలుగా ఒక గీత కొట్టింది.