ఉప్పు డబ్బాతో పిక్నిక్

రాధాకృష్ణా, నేరం నీది. ప్రతి జనవరిలో తెలుగు కుటుంబాల పిక్నిక్‌లో మైకు పట్టుకుని "పిల్లలే మన ఆస్తి" అనేది నువ్వే. షార్జా అల్ నహ్దాలో ఒక ఫ్లాటును నీ పేరున అద్దెకు తీసుకుని, చెక్క షీట్లతో అయిదు ముక్కలు చేసి, ముక్కకో కుటుంబాన్ని కుక్కిందీ నువ్వే. నీ ఒక్కడిదేనా నేరం? ఫ్యామిలీ వీసా ఇచ్చాం పొమ్మని చేతులు దులుపుకొని, ఆ ఫ్యామిలీ ఎక్కడ పడుకుంటుందో అడగని కంపెనీది కూడా. అన్నీ తెలిసీ నీకు శాలువా కప్పే సంఘం పెద్దలది కూడా. మనకెందుకొచ్చిన గొడవ అని నోరు కుట్టుకున్న ప్రతివాడిదీ. కాదనాలనుంటే 2013 ఆగస్టులో సుభాషిణికి జరిగింది విని, అప్పుడు కాదనండి.

సుభాషిణిది జగిత్యాల. మొగుడు ప్రమోద్ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్. కూతురు అక్షయకు ఆరేళ్లు, కొడుకు చరణ్‌తేజ్‌కు మూడు. నాలుగేళ్లు మొగుడు కంపెనీ లేబర్ క్యాంపులో, తను ఊళ్లో. నాన్న ఎక్కడ అంటే అక్షయ ఫోన్ వైపు వేలు చూపించేది. అది చూసి తట్టుకోలేక, గుడిసె అయినా సరే నలుగురం ఒక్కచోట ఉందామని పట్టుబట్టి వచ్చింది సుభాషిణే. దొరికింది గుడిసె కూడా కాదు. హాల్లో కిటికీ వైపు ఒక ముక్క. ఒక మంచం, మంచం కింద సూట్‌కేసులు, మంచానికీ చెక్కకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా. అది కూడా పోతే పిల్లలతో వెనక్కి విమానం ఎక్కడమే. ఆ సంగతి ఆమెకు రోజూ నిద్ర లేవగానే గుర్తొచ్చేది.

ఆ ఫ్లాట్లో ఒక్క కుటుంబమే ఉండాలని రూలు. మున్సిపాలిటీ వాళ్లు అప్పుడప్పుడూ తనిఖీకి వస్తారు. బిల్డింగ్ కాపలా కాసే నాతూర్ ముందే ఉప్పందిస్తాడట. ముందురోజు సాయంత్రం రాధాకృష్ణ నుంచి అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చేది. రేపు ఏడింటికల్లా అందరూ బయటికి, నేను చెప్పేదాకా ఎవరూ రావద్దు అని. అద్దెవాళ్లు వెళ్లాక మనుషులను పెట్టి చెక్కలు విప్పించి టెర్రస్ మీద దాయిస్తానని, తనిఖీ కాగానే మళ్లీ బిగిస్తానని చెప్పేవాడు. విప్పడం ఎవరూ చూడలేదు. బిగించి ఉండటమే చూశారు.

ఆఫీసర్లు ముందు ఏం చూస్తారో కూడా రాధాకృష్ణే పాఠం చెప్పాడు. బాత్రూంలో బ్రష్షులు, వంటింట్లో ఉప్పు డబ్బాలు, గుమ్మం దగ్గర చెప్పులు. ఒక ఇంట్లో అయిదు ఉప్పు డబ్బాలు ఎందుకుంటాయి? కాబట్టి ఎవరి బ్రష్షులు, ఎవరి ఉప్పు, ఎవరి చెప్పులు వాళ్లు సంచిలో వేసుకుని పోవాలి.

పిల్లలకేం చెప్తుంది? పిక్నిక్ పోతున్నం అని చెప్పింది. మొదటిసారి ఫిబ్రవరి. చల్లగా ఉంది. పార్కులో పులిహోర తిన్నారు, చరణ్ గడ్డిలో దొర్లాడు. ఇంత మంచి రోజు మళ్లీ ఎప్పుడమ్మా అని అక్షయ వారం రోజులు సతాయించింది. తర్వాత ఏప్రిల్‌లో ఒకటి, జూన్‌లో ఒకటి. బళ్లో పిక్నిక్ బొమ్మ గీయమంటే ఆ పిల్ల చెట్టు గీసి, చెట్టు కింద సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న నాలుగు టూత్‌బ్రష్షులు గీసింది. బ్రష్షులెందుకని టీచరు అడిగితే పిక్నిక్‌కు అవే కదా తీసుకుపోవాలి అందట.

ఇంకో పాఠం కూడా ఉంది. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి? రాధాకృష్ణ మామ ఇంటికి చుట్టాలం వచ్చినం, మాకు ఇక్కడ ఇల్లు లేదు. ఆ మాటలు అక్షయ చేత తెలుగులో, హిందీలో పదిసార్లు అప్పజెప్పించింది సుభాషిణే. పిల్ల తడుముకోకుండా చెప్పినప్పుడు ముద్దు కూడా పెట్టుకుంది.

ఆగస్టులో నాలుగో మెసేజ్ వచ్చింది. ఆ పొద్దు నుంచే చరణ్‌కు ఒళ్లు కాలిపోతోంది. సుభాషిణి రాధాకృష్ణకు ఫోన్ చేసింది. పిల్లగానికి జ్వరం, మేం ముగ్గురం మూలకు పడి ఉంటం, తలుపు పెట్టుకుంటం అని బతిమాలింది.

"చూడమ్మా, మీ ఒక్కళ్ల మీద జాలిపడితే అయిదు కుటుంబాలూ రోడ్డున పడతాయి" అన్నాడు. "మాల్‌లో ఏసీ ఉంటుంది కదా, అక్కడ కూర్చోబెట్టండి. పిల్లాడికీ సరదాగా ఉంటుంది."

సరదా అన్నాడు.

పక్క ముక్కలో ఉండే కాకినాడ ఆదిలక్ష్మి తెల్లారగానే తన కొడుకును తీసుకుని అజ్మాన్‌లో ఎవరో స్నేహితుల ఇంటికి బయల్దేరింది. నువ్వూ రామ్మా అనబోయి, చరణ్ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, మాట మింగేసింది. పరాయి ఇంటికి జ్వరం పిల్లాణ్ని తీసుకుపోతే బాగుండదు. ప్రమోద్‌కు సెలవు దొరకలేదు. అడగలేదు కూడా.

ఏడింటికి సుభాషిణి ఒక భుజాన పిల్లాణ్ని, ఒక భుజాన సంచిని వేసుకుని రోడ్డు మీదికొచ్చింది. మాల్ తెరిచేది పదింటికి. మూడు గంటలు బిల్డింగ్ నీడ ఎటు జరిగితే అటు జరిగారు. గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. మాల్ తెరిచాక లోపల సోఫాలో పిల్లాణ్ని పడుకోబెడితే సెక్యూరిటీ అబ్బాయి వచ్చి, ఇక్కడ పడుకోకూడదు దీదీ అని నెమ్మదిగానే చెప్పాడు. వాడి ఉద్యోగం వాడిది. మళ్లీ భుజాన వేసుకుంది. అక్షయ నాణెం వేస్తే ఊగే బొమ్మ కారులో, నాణెం వేయకుండానే కూర్చుని స్టీరింగ్ తిప్పుతోంది.

"అమ్మా, ఈ పిక్నిక్‌ల ఎవ్వలు నవ్వుతలేరు" అంది.

పదకొండున్నరకు చరణ్ కొయ్యలా బిగుసుకుపోయాడు. కళ్లు తేలేశాడు. సుభాషిణికి తర్వాత గుర్తున్నది ఒక్కటే, తన చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది, సంచిలో ఇంకో జత ఉన్నా తీసే తెలివి లేకపోయింది. రోడ్డవతల క్లినిక్‌లోకి పరుగెత్తింది. వాళ్లు మందు వేసి, తడిగుడ్డలు వేసి గంటలో బిడ్డను దారికి తెచ్చారు. ఇంటికి తీసుకుపోయి చల్లటి గదిలో పడుకోబెట్టు, మళ్లీ ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రికి పరుగెత్తు అని డాక్టరు చెప్పింది.

ఫైలు రాసే మలయాళీ నర్సు అడ్రస్ అడిగింది. సుభాషిణి చరణ్ నుదుటి మీద తడిగుడ్డ సర్దుతూ ఉండిపోయింది. నర్సు అక్షయ వైపు వంగి, మీ ఇల్లెక్కడ బేటీ అని హిందీలో అడిగింది.

"హమ్ మెహమాన్ హై" అంది అక్షయ, చేతులు కట్టుకుని, బడిలో పద్యం చెప్పినట్టు. "యహాఁ హమారా ఘర్ నహీ హై."

చుట్టాలం. ఇక్కడ మాకు ఇల్లు లేదు. చెప్పి, తప్పు లేకుండా చెప్పానా అన్నట్టు తల్లి మొహం చూసింది. సుభాషిణికి అక్కడ ఏడుపు రాలేదు. ఏదో పుటుక్కున తెగింది. ప్రమోద్‌కు ఫోన్ చేసి ఇంటికి పోతున్నానంది. సాయంత్రం దాకా ఆగు, దొరికితే ఖలాస్ అని అతను అంటూనే ఉన్నాడు. పెట్టేసింది.

తొమ్మిదో అంతస్తులో లిఫ్టు దిగగానే డ్రిల్లు చప్పుడు వినపడింది. ఫ్లాటు తలుపు బార్లా తీసి ఉంది. ఆఫీసర్లు లేరు. చెక్కలన్నీ పొద్దున వదిలిన చోటే నిలబడి ఉన్నాయి. రాధాకృష్ణ టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. వడ్రంగి డ్రిల్లు ఆపాడు. చంకలో పసిబిడ్డతో ఒక కొత్త జంట నిలబడి ఉంది, తెలుగువాళ్లే. కిటికీ మా వైపు వస్తుందా అని ఆ అమ్మాయి అడుగుతోంది. సుభాషిణి మంచం పక్కకు నెట్టేశారు. మంచం ఉన్నచోట నేల మీద, సరిగ్గా చరణ్ పడుకునే వైపు నుంచి సుద్దగీత. ఆరో ముక్క.

రాధాకృష్ణ సర్దుకున్నాడు. పదింటికే ఫోన్ వచ్చిందమ్మా, ఈరోజు రారట, ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని పని పెట్టించాను అన్నాడు. మరి మాకెందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. ఇంకోటి అడిగింది.

"ఇయ్యాల్టి ముచ్చట సరే అన్నా. జూన్‌ల వచ్చిన్రా? ఏప్రిల్‌ల వచ్చిన్రా?"

అతను వడ్రంగి వైపు చూశాడు. ఆ చూపే జవాబు, ఎప్పుడూ రాలేదని. జూన్‌లో తిరిగొచ్చిన రోజు చెక్క మంచానికి మరీ దగ్గరగా జరిగినట్టు అనిపించి, చెక్కలు వంకరగా బిగించారేమో అనుకుంది ఆమె. పిల్లలు ఎండలో పిక్నిక్ ఆడుతుంటే ఇక్కడ వాళ్ల ఇల్లు జానెడు జానెడు తరుగుతూ వచ్చిందన్నమాట.

సాయంత్రానికి అయిదు కుటుంబాలూ చేరాయి. సుభాషిణి చరణ్‌ను మంచం మీద పడుకోబెట్టి, అందరికీ వినపడేలా అంతా చెప్పింది. కొత్తగా లేచిన ఆరో చెక్క సుద్దగీత మీద నిలబడి ఉంది. ఇష్టం లేనివాళ్లు నెలాఖరుకు ఖాళీ చేయొచ్చు అన్నాడు రాధాకృష్ణ, గొంతు పెంచకుండా. అందరూ నేల చూశారు. ప్రమోద్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఊకోయే. మల్ల ఊరికి పోతవా, పిల్లలను తీస్కొని?"

అక్షయ సంచి ముందు కూర్చుంది. నాలుగు బ్రష్షులూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, ఇవి బాత్‌రూంల పెట్టాల్నా, సంచిలనే ఉంచాల్నా?"

సుభాషిణి మొగుడి చెయ్యి విడిపించుకుంది. ఆదిలక్ష్మి దగ్గరికి వెళ్లింది. కొడుకు సైకిల్ బాగుచేయడానికి ఆదిలక్ష్మి దగ్గర ఒక స్క్రూడ్రైవర్ ఉంటుందని ఆ ఫ్లాట్లో అందరికీ తెలుసు.

"అక్కా, స్క్రూడ్రైవర్ ఇయ్యి."

"నాకూ పిల్లాడున్నాడు కదమ్మా" అంది ఆదిలక్ష్మి, తల ఎత్తకుండా.

"అందుకే అడుగుతున్న."

ఆమె చెయ్యి చాచే ఉంది. ఆ చెక్కల మధ్య బతికినవాళ్లు, బతుకుతున్నవాళ్లు, పిల్లల చేత చుట్టాలమని అప్పజెప్పించినవాళ్లు మీలో వేలమంది ఉన్నారు. రాధాకృష్ణకు వచ్చే జనవరిలో మైకు ఇవ్వకండి. మీ పేరు మీద కాగితం లేని గదికి అద్దె కట్టకండి. అంతకంటే ముందు, ఈ పూటే, ఆ ఆరో చెక్క ఊడాలి. లేవండి. ఆమె చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వండి.