డబ్బాలోని పేర్లు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే మేఘన వీధి వైపు ఒక చెవి వేసి ఉంచింది. చేటలో సగం కాయలు అయ్యాయి. ముందు గదిలో ఎదురుగా పీట మీద కూర్చున్న తల్లి అంతోనమ్మ, కూతురు వదిలేసిన ఈనెల్ని వెతికి మరీ లాగుతోంది. శనివారం పదకొండు గంటల ఎండ వరండా మెట్ల మీదికి ఎక్కింది. బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది.

"వచ్చాడు," అంది మేఘన.

"వస్తే రానీ. మంచినీళ్ళియ్యి. నోరు మాత్రం జారకు," అంది అంతోనమ్మ.

వచ్చినవాడు దేవానందం, మేఘనకు మేనత్త కొడుకు. విజయవాడలో, చర్చిల కోసం ఫోను యాప్ తయారుచేసే ఒక కంపెనీలో పని. ఊరూరా తిరిగి చర్చిలను ఆ యాప్‌లో చేర్పించడం అతని ఉద్యోగం. మనిషి చెడ్డవాడు కాదు. మాట మెత్తన, నడక తొందర.

"ఏం మరదలా, చిక్కుడుకాయలా? నేనొస్తున్నానని తెలిసి చికెన్ మానేశారా?"

"నువ్వు తినడానికి రాలేదుగా బావా. పట్టుకెళ్ళడానికొచ్చావు."

అంతోనమ్మ కూతురి మోకాలి మీద చిన్నగా తట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

తిరువూరులో వాళ్ళ మందిరంలో ప్రతి శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. గుమ్మం పక్కన స్టూలు మీద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి పెడతారు. కష్టమున్న ఆడవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. రాయడం రానివాళ్ళు చెబితే మేఘన రాసిపెడుతుంది. ఆ చీటీల్లో దాపరికం ఉండదు. "పేరు లేని ప్రార్థన అడ్రసు లేని ఉత్తరం" అని ఎప్పుడో ఒక పాత పాస్టరు గారు అన్న మాటను వాళ్ళు కొంగున ముడేసుకున్నారు. అందుకని పేరు, ఇంటి పేరు, ఊరు, ఫోను నంబరు, జబ్బు, చూపించుకున్న డాక్టరు, చెయ్యి చేసుకునే మొగుడు, అన్నీ వరసన రాసేస్తారు. దేవుడు ఇల్లు తప్పిపోతాడేమోనని వాళ్ళ బెంగ. పెనుగొలను నుంచీ గంపలగూడెం నుంచీ షేర్ ఆటోల్లో వచ్చేవాళ్ళలో, బొట్టుతోనే వచ్చి వెనక చాప మీద ఒదిగి కూర్చునేవాళ్ళు కూడా ఉన్నారు.

మూడేళ్ళుగా ఆ డబ్బాను ఇంటికి తెచ్చుకుని చూసుకునే పని మేఘనది. పగలంతా బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో పనిచేస్తుంది. వారంలో రెండు సాయంత్రాలు చీటీలన్నీ తన పాత లాప్‌టాప్‌లో ఎక్కించి, ఒక్కొక్కళ్ళకీ ఫోను చేసి "ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అడుగుతుంది. మొత్తం రెండొందల పద్నాలుగు మంది. ఆ లాప్‌టాప్‌లోవన్నీ లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోగల ఓపెన్ సోర్సు ప్రోగ్రాములే. చిన్నప్పుడు ఊరి బళ్ళో కంప్యూటరు నేర్పిన దశరథరామయ్య మాస్టారు పెట్టిన అలవాటది. "వంటిల్లు కనపడే హోటల్లో తినండర్రా," అనేవాడాయన. "అందరూ వెళ్ళి గిన్నెలోకి తొంగిచూడరు, నిజమే. కానీ ఎవడో ఒకడు చూడొచ్చు అన్న భయం వంటవాడికుంటుంది."

అలాంటి మాట విన్న పిల్ల కూడా మూడు వారాల కిందట తప్పటడుగు వేసింది. మచ్చుకి ఒక పది చీటీలు యాప్‌లో ఎక్కించి చూపించమని దేవానందం అడిగాడు. ప్రార్థన కబురు అందరికీ దానంతటదే వెళ్ళిపోతుందన్నాడు. వారానికి రెండు సాయంత్రాలు మిగులుతాయన్న ఆశ ఆమెకూ పుట్టింది. పై పది చీటీలు తీసి ఎక్కించింది. అందులో గంపలగూడెం నాగేంద్రమ్మది ఒకటి. కోడలు కీర్తనకు రెండుసార్లు కడుపు పోయిందనీ, కొడుక్కి తెలియకుండా వచ్చాననీ చెప్పి రాయించుకుంది. నంబరడిగితే, తనకు నోటికొచ్చిన ఒక్కగానొక్క నంబరు చెప్పింది. అది ఆ కొడుకుదే.

వారం తిరక్కుండా అతనికి ఏదో సంతాన కేంద్రం నుంచి ఫోనొచ్చింది. "పిల్లల కోసం ప్రార్థన పెట్టించుకున్నారట కదండీ, మా దగ్గర ఉచిత శిబిరం ఉంది," అని. ఇంటి గుట్టు బయటపెట్టిందని ఆ సాయంత్రమే అతను కీర్తనను విస్సన్నపేటలో పుట్టింటి దగ్గర దించేసి వచ్చాడు. మేఘన అక్కడికి వెళ్ళింది. కీర్తన తలుపు తీయలేదు.

ఇప్పుడు దేవానందం మిగతా రెండొందల నాలుగు పేర్ల కోసం వచ్చాడు. రేపు ఆదివారం ఆరాధనలో యాప్‌కు ప్రారంభోత్సవం.

లోపలి గదిలోంచి యోసేపు గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మేఘన తండ్రి, రిటైరైన టీచరు, సంఘ పెద్ద. ఇరవై ఏళ్ళుగా ఆదివారం మందిరంలో బల్ల ముందు నిలబడి బైబిలు వాక్యం చదివేది ఆయనే. దేవానందం జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"అయిదు నిమిషాల పని మామయ్యా."

"మేఘనా, లాప్‌టాప్ తీసుకురా," అన్నారు యోసేపు గారు.

"ఇవ్వను నాన్నా."

మేఘన అంత తిన్నగా కాదనడం ఆ ఇంట్లో కొత్త. యోసేపు గారికి సరిగా వినపడలేదేమో అనుకున్నారు. "ఏంటీ?"

"లిస్టు ఇవ్వను."

దేవానందం నవ్వాడు. "నాగేంద్రమ్మ సంగతే కదా? పొరపాటు జరిగింది. కానీ కంపెనీ సర్వరంటే బ్యాంకు లాకరులాంటిది మేఘనా. తాళమేసి ఉంటుంది."

"మరి ఆవిడ చీటీకి తాళం ఎవరు తీశారు?"

"అది... పార్టనర్ కంపెనీలకి కొంత సమాచారం వెళ్తుంది. షరతుల్లో రాసే ఉంటుంది. ఒప్పుకుంటేనే కదా లోపలికి వెళ్ళేది."

"ఎవరొప్పుకున్నారు? నాగేంద్రమ్మా?"

"సరే అని నొక్కింది నువ్వేగా."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మేఘన చేతిలోని కాయను చేటలో పెట్టింది.

"అవును, నేనే నొక్కాను. నాది కానిదానికి నేను సరే అన్నాను. ఒక్కసారి అన్నాను, చాలు."

"అబ్బో! నువ్వేమన్నా అడవిలో ఉన్నావా? వాట్సాప్ లేదా నీకు? మ్యాపు పెట్టుకునేగా విస్సన్నపేట వెళ్ళావు? పాలప్యాకెట్టుక్కూడా స్కాను కొడతావు. నువ్వెక్కడున్నావో, ఏం కొన్నావో లోకమంతా తెలుసు. ఈ చీటీల దగ్గరికొచ్చేసరికి పాతివ్రత్యమా?"

"కొడతాను. తీరిక లేక నా గుట్టు నేనిచ్చేసుకున్నాను, నాది గనక. ఊళ్ళోవాళ్ళ గుట్టు నేనెలా ఇస్తాను?"

"ఇంకోటి విను. రేపు ఎవరికో రక్తం కావాలి. యాప్ ఉంటే నిమిషంలో అందరికీ తెలుస్తుంది. నువ్వు ఒక్కొక్కళ్ళకీ ఫోన్లు కొట్టేసరికి మనిషి పోతుంది."

మేఘన చేటను పక్కకు జరిపింది. అందులో నిజముంది. పోయిన వానాకాలం అలాంటి కబురొకటి అందరికీ చేరేసరికి తెల్లారింది.

"నిజమే, ఆలస్యమవుతుంది," అంది. "అయితే శుక్రవారం రా. ఎవరెవరికి కావాలో నిలబెట్టి అడుగు. నాగేంద్రమ్మకేమైందో కూడా చెప్పి అడుగు. చెయ్యెత్తినవాళ్ళ పేర్లు నేనే కూర్చుని ఎక్కిస్తాను."

"రెండొందల మందిని ఎవరడుగుతారు?"

"రెండొందల మంది పేర్లు కావాలన్నవాడు."

అంతోనమ్మ తల వంచుకుంది, నవ్వు కనపడకుండా.

యోసేపు గారికి మాత్రం నవ్వు రాలేదు. "నేను పాస్టరు గారికి మాటిచ్చానమ్మాయ్. రేపు నలుగురిలో నా తల తీసేస్తావా? అసలు ఆ చీటీల్లో దాచుకోవాల్సిందేముంది? దేవుడి ముందు పెట్టిందేగా? మనింటి చీటీ ఉంటే అదే ముందు ఎక్కించు. నాకేం సిగ్గులేదు."

ఈనె తీస్తున్న అంతోనమ్మ చేతులు ఆగిపోయాయి.

మేఘన తల్లి వైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని భయం. మనింటి చీటీ ఉంది. సంక్రాంతి వెళ్ళిన రెండో శుక్రవారం అంతోనమ్మ తన చేత్తోనే రాసి వేసింది. 'నా భర్త యోసేపు గారికి చూపు పోతున్నది. ఎవరికీ చెప్పనివ్వరు, ఆసుపత్రికి రారు. తెల్లవారుజామున ఫోనులో వాక్యం విని కంఠతా పట్టి, ఆదివారం చదువుతున్నట్టు నిలబడుతున్నారు. ఆయన పరువు నిలిపి, చూపు నిలపమని ప్రార్థన.' కింద పేరు, ఊరు, ఇంటి నంబరు. తన సంగతి భార్య నోరు దాటలేదనే ఆయన ధీమా.

ఒక్క మాటంటే వాదం గెలిచేది. ఆ మాట మేఘన నాలుక చివరి దాకా వచ్చింది. అంటే తనకూ ఆ కంపెనీకీ తేడా ఏముంది? మింగేసింది.

దేవానందం వాచీ చూసుకున్నాడు. "లాప్‌టాప్ వద్దులే మామయ్యా. చీటీలున్నాయిగా, ఫోటోలు తీసుకుంటా. ఆఫీసులో టైపు చేయించుకుంటాం."

యోసేపు గారు లేచి, టీవీ పక్కన అలమార తడిమి, రేకు డబ్బా తెచ్చి టీపాయ్ మీద పెట్టారు. "తీసుకో."

మేఘన వచ్చి మూత మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి," అన్నారాయన.

"తియ్యను."

"తియ్యమంటున్నానా!"

"కొట్టండి. తియ్యను."

ఆయన ఎన్నడూ కూతుర్ని కొట్టలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట గదిలో చెంపదెబ్బలాగే పేలింది. దేవానందం ఫోను చేత్తో పట్టుకుని గోడ కేసి చూశాడు.

అప్పుడు అంతోనమ్మ లేచింది. ఒళ్ళో ఈనెలు నేల మీద పడ్డాయి. ఆవిడ ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్కుల ఇంట్లో పుట్టి, పెళ్ళితో ఈ సంఘంలోకి వచ్చిన మనిషి. ఇన్నేళ్ళలో పుట్టింటి మతం మాట ఈ ఇంట్లో ఎత్తలేదు.

"మా ఊళ్ళో పాపసంకీర్తనమని చేసేవాళ్ళం," అంది. "ఫాదర్ గారి చెవిలో చెప్పింది ఫాదర్ గారితోనే మట్టిలోకి పోయేది. ఊళ్ళో పెద్ద దొంగ కూడా ఆ నమ్మకంతోనే వెళ్ళి మోకరించేవాడు. ఇక్కడికొచ్చాక నాకా చెవి లేదు. ఈ డబ్బానే నా చెవి అనుకున్నా."

"ఇప్పుడదంతా ఎందుకు?" అన్నారు యోసేపు గారు.

"మేఘనా, మూత తియ్యి. వాడికి కాదు, నాకు."

మేఘన చెయ్యి తీసింది. అంతోనమ్మ చీటీల్లో వెతికి, నాలుగు మడతలు పెట్టిన కాయితమొకటి పైకి తీసింది. దాన్ని భర్త చేతిలో పెట్టింది.

"ఇది నేను రాసింది. నాది గనక నా చేత్తో నేనిస్తున్నా. ముందు మనింటిదే ఎక్కించమన్నారుగా? చదివి, మీ చేత్తో మీరే ఇవ్వండి వాడికి."

యోసేపు గారు మడతలు విప్పారు. కాయితాన్ని దూరంగా పట్టుకున్నారు. దగ్గరికి తెచ్చారు. వరండా వెలుతురు వైపు తిప్పి, తల కాస్త పక్కకు వంచారు. నీలి సిరా వరసలు, అంతే. దేవానందం చూస్తూ నిలబడ్డాడు.

"మేఘనా," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "చదువు."

"చదవను నాన్నా."

"ఇలా ఇవ్వండి మామయ్యా, నేను చదివి పెడతా," అంటూ దేవానందం చెయ్యి చాపాడు.

యోసేపు గారి పిడికిలి కాయితం మీద బిగుసుకుంది. చాపిన ఆ చేతి కేసి ఆయన అలాగే చూస్తూ ఉండిపోయారు. తర్వాత భార్య ముఖం కేసి చూశారు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. కాయితంలో ఏముందో ఆయనకు ఇక ఎవరూ చదివి వినిపించనక్కరలేదు.

"ఏమైంది మామయ్యా? ఏం రాసుంది?"

ఆయన నలిగిన చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నారు. డబ్బా మూత తడిమి మూసి, నాలుగు అంచులూ నొక్కారు. దాన్ని రెండు చేతులా ఎత్తి మేఘన చేతుల్లో పెట్టారు. పెన్‌డ్రైవ్ ఉన్న చోటే ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, మెట్టు అంచును కాలితో వెతుక్కుని, పాస్టరు గారి ఇంటి వైపు ఎండలోకి దిగారు.