సుప్రీంకోర్టువారి ఉమ్మి

సర్జన్‌గారు ఆ రిపోర్టు పూర్తిగా చదివారనుకుంటే పొరపాటే. జన్యువు పేరు, దాని పక్కన 'మార్పు ఉంది' అన్న ముక్క కంటబడగానే ఆయన చెయ్యి ఆపరేషన్ల క్యాలెండర్ మీదికి పోయింది. ఖాళీ తేదీ వెతకడంలో చూపించిన శ్రద్ధలో పదోవంతు కింది వరస మీద పెట్టి ఉంటే ఇంత రభస జరిగేది కాదు. ఆ వరసలో, చిన్న అక్షరాల్లోనే అయినా, స్పష్టంగానే ఉంది: ఈ మార్పు వల్ల క్యాన్సర్ వస్తుందో రాదో ఇప్పటికి తెలియదు.

ఎదురుగా కూర్చున్నామె కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది. తల్లి అండాశయాల క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయింది కనక భయపడి ఈ పరీక్ష చేయించుకుంది. ఆమె ఆ వరస మీద వేలు పెట్టి చూపిస్తే సర్జన్‌గారు కళ్లజోడు కూడా సవరించుకోలేదు.

"తెలియదంటే, ఉండొచ్చనేగా. మనం రిస్కు తీసుకోవడం ఎందుకు? అండాశయాలు రెండూ తీసేద్దాం," అన్నారు. ఆమె సరేననకముందే క్యాలెండర్లో వచ్చే నెల తేదీ రాసేశారు.

'మనం' అనేసరికి ఆమెకి ఒళ్లు మండింది. తీసేసేవి ఆయనవి కావుగా. ఆమెకి పెళ్లయి రెండేళ్లు. ఒక్క బిడ్డయినా కావాలని భార్యాభర్తలిద్దరికీ ఆశ. అవి రెండూ పోతే తన సొంత బిడ్డని కనాలన్న ఆశకి నీళ్లొదులుకోవలసిందే.

రోజూ జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలు చదివించడం ఆమె పని. కనపడని వరసని కనపడినట్టు గడగడా అప్పజెప్పేవాళ్లంటే ఆమెకి మొదటినుంచీ గిట్టదు. వాళ్లకి చేసిన అద్దాలు ఎలాగూ సరిపడవు, తలనొప్పంటూ వచ్చి మళ్లీ ఆమె మీదే పడతారు. సర్జన్‌గారిది సరిగ్గా ఆ బాపతే. కాకపోతే ఇక్కడ అద్దాలు మార్చి ఇచ్చినంత తేలిక కాదు.

ఇంటికొచ్చేసరికి మేనత్త సోఫాలో ఆసీనురాలై ఉంది. నాన్న కూడా రోడ్డు ప్రమాదంలో పోయాక ఈ మేనకోడలికి పెద్దదిక్కు ఆవిడే. చుట్టాలంతా ఆవిడని చాటుగా సుప్రీంకోర్టు అంటారు, ఆవిడ తీర్పు మీద ఎవరికీ అప్పీలు లేదు గనక. విషయం సగం వినగానే తీర్పు వెలువడింది. తీసేయించుకోవాలి. బిడ్డదేముంది, పెంచుకోవచ్చు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "నేను ముందే మొత్తుకున్నాను. ఆ విషం మీ అమ్మ తెచ్చింది. తను పోతూ నీ ఒంట్లో పెట్టిపోయింది. మా వైపు రక్తంలో ఇలాంటి రోతలు లేవు," అంది.

పక్కనే కూర్చున్న చిన్నత్త అలవాటు ప్రకారం తలూపింది. అక్క ఏమంటుందో వినకముందే తలూపగల మనిషి ఆవిడ. అమ్మని ఈ మాట అనడం ఆవిడకి కొత్త కాదు, అమ్మ మంచం మీద ఉన్నప్పుడు కూడా అంది. మేనకోడలు రిపోర్టు మడిచి సంచిలో పెట్టేసుకుంది.

మర్నాడు ఆమె అదే ఆసుపత్రిలో ఇలాంటి రిపోర్టులు విడమరిచి చెప్పే జన్యు సలహాదారు అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లింది. సర్జన్‌గారి గదికి చలవరాతి నేల, తోలు సోఫా. ఈ అమ్మాయికేమో కింది అంతస్తులో, మందుల స్టోరు వెనక, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గదిలో ఓ బల్ల. ఆసుపత్రివారికి ఎవరి మాట విలువైనదో చూడగానే తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి రిపోర్టు చివరిదాకా చదివి, "దీని సంగతి మాకింకా తెలియదండీ. తెలియనిదాన్ని పట్టుకుని కోయించుకోకండి," అంది. ఆ ఒక్క మాటకి మేనకోడలి ప్రాణం లేచొచ్చింది. కనపడని వరసని కనపడలేదని చెప్పిన మనిషి ఇన్నాళ్లకి ఒకరు దొరికారు.

తెలుసుకునే దారి కూడా ఆ అమ్మాయే చెప్పింది. ఈ మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపించిందని మరో రెండు ల్యాబులు అంటున్నాయట, కానీ తేల్చడానికి ఆ ఆధారం చాల్లేదట. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు కనక మేనత్తల ఉమ్మి పరీక్షించాలి. వాళ్లలో ఉంటే ఇది నాన్న వైపు నుంచి వచ్చినట్టు. అప్పుడు అమ్మ జబ్బుకీ దీనికీ సంబంధం లేనట్టే.

ఉమ్మి అడగ్గానే సుప్రీంకోర్టువారు మండిపడ్డారు. తనని అనుమానించడమా అన్నారు. మేనకోడలికి ఆవిడ బలహీనత తెలుసు. మీ వైపు ఏ మచ్చా లేదని కాగితం మీద రాసిస్తారట అత్తయ్యా, అని మెల్లగా వదిలింది. అంతే, మర్నాడు ఆవిడే అందరికన్నా ముందు కారెక్కి కూర్చుంది. ఇచ్చిన గొట్టం ఉమ్మితో నింపడానికి మాత్రం చాలాసేపు పట్టింది. తమ వంశం గొప్పతనం నర్సుకి చెప్పీ చెప్పీ నోరెండిపోయింది మరి. చిన్నత్త తన గొట్టం చడీచప్పుడు లేకుండా నింపి ఇచ్చేసింది.

ఆపరేషన్‌కి ఇంకా వారం ఉందనగా ఫలితం వచ్చింది. అదే మార్పు, అత్తలిద్దరిలోనూ ఉంది.

మందుల స్టోరు వెనక గదిలో పెద్దత్త ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు గొట్టాలు తారుమారయ్యాయంది. తర్వాత నర్సు చేతులు శుభ్రంగా లేవంది. కాసేపటికి తేరుకుని, పమిట సర్దుకుని, అసలు స్వరూపం చూపించింది.

"ఉంటే ఉందిలే. డెబ్బై దాటాను, నాకేమైంది? చెల్లికేమైంది? ఒంటి మీద పుట్టుమచ్చలాంటిది. దానికింత హంగామానా?"

"నా ఒంట్లో ఉన్నప్పుడు విషమన్నారు," అంది మేనకోడలు.

సలహాదారు మధ్యలో అందుకుంది. పెద్దావిడ ఇప్పుడన్నదే ఆధారమని, గొట్టాలిచ్చిన రోజే ఇద్దరి వయసూ ఆరోగ్యమూ ల్యాబుకి రాసి పంపామని చెప్పింది. ఇద్దరు ఆడవాళ్లు దీన్ని ఇన్నేళ్లు మోసినా ఏమీ కాలేదు. పాత ఆధారాలకి ఇది కూడా కలిసేసరికి, దాదాపుగా హానిలేనిదని ల్యాబు మార్చి రాసింది. ఈమెలో వేరే చెడ్డ మార్పులేవీ దొరకలేదు కూడా. తల్లికి క్యాన్సర్ వచ్చింది కనక డాక్టరు చూపులో ఉండడం మంచిది, అంతేగాని కోయించుకోనక్కర్లేదు.

మేనకోడలు అక్కడికక్కడే ఫోన్ తీసి ఆపరేషన్ రద్దు చేయించుకుంది. ఖాళీ అయిన తేదీకి సర్జన్‌గారు ఎంత బాధపడ్డారో గాని, ఎందుకు రద్దు చేసుకున్నారని మాత్రం ఆమెని అడగలేదు.

ఆదివారం ఇంటినిండా చుట్టాలు. అత్త మధ్యలో కూర్చుని చంకలు గుద్దుకుంటోంది. పిల్లని కత్తి కింద పడకుండా కాపాడింది తమ రక్తమేనట. గొట్టంలో తమ ఉమ్మి పడితే గాని డాక్టర్లకి బుద్ధి రాలేదట. ఇందులో అబద్ధం లేకపోవడమే మేనకోడలికి అన్నిటికన్నా ఒళ్లు మండే సంగతి.

ఆమె టీ కప్పుల పళ్లెం బల్ల మీద పెట్టి అత్త ఎదురుగా నిలబడింది.

"అవునత్తయ్యా, మీ రక్తమే. మీరు విషమన్నది మీరిచ్చిందే. అమ్మ నాకు ఏ విషమూ పెట్టలేదు. అదీ చెప్పండి వీళ్లకి."

అత్త చుట్టూ చూసి, అలవాటు కొద్దీ చిన్నత్త వైపు తిరిగింది. చిన్నత్త తల ఊపలేదు.

"చెప్పక్కా," అంది.