వంకాయ రంగు పైకి మడవండి

నేను ఒక కండువాని. నాయకుడి గొంతుకి ఆనుకుని బతికినదాన్ని కాబట్టి, లోపల పుట్టిన మాట పెదవి దాకా వచ్చేసరికి ఎన్ని జాగ్రత్తలు పడుతుందో నాకు బాగా తెలుసు.

నేను పుట్టింది సోమరాజుపాలెంలో, శేషారత్నం కుట్టుమిషన్ మీద. జాకెట్లకి కత్తిరించగా మిగిలిన ముక్కల్లోంచి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, వంకాయ రంగు ఏరి, పొడుగు పట్టీలుగా కోసి, పక్కపక్కన పెట్టి నన్ను కుట్టింది. దారాలు తుంచింది ఆసుపత్రిలో నర్సుగా చేసే సులోచన. ఇద్దరూ ఆ అద్దె ఇంట్లో ఏళ్ళ తరబడి కలిసి ఉంటున్నారు. వాళ్ళని వీధంతా అక్కచెల్లెళ్ళనుకుంది. అలా అనుకున్నంత కాలం వాళ్ళంత మంచివాళ్ళు లేరు. జ్వరమొస్తే సులోచన కావాలి, పెళ్ళి జాకెట్టుకి శేషారత్నం కావాలి.

ఒకరోజు సులోచన అన్నయ్య వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. వాళ్ళు అక్కచెల్లెళ్ళు కారని, మొగుడూ పెళ్ళాల్లా కాపురం చేస్తున్నారని వీధంతా వినేలా అరిచి వెళ్ళాడు. మర్నాటి నుంచి పెళ్ళి జాకెట్లు రావడం ఆగిపోయింది. ఆ వెనకే ఇంటి ఓనరు గంగాధరం వచ్చాడు.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసెయ్యండమ్మా. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. వీధే ఊరుకోట్లేదు" అన్నాడు.

తమకైతే ఏ అభ్యంతరమూ లేదనే మనుషుల్ని ఆ తర్వాత నేను చాలామందిని చూశాను. దేశంలో అభ్యంతరం ఉన్నవాడు ఎక్కడుంటాడో గాని, నాకు మాత్రం ఎదురుపడలేదు.

ఆ వీధికి కుళాయి వచ్చినా, రోడ్డు పడినా ఎమ్మెల్యే మండపాక సత్యలింగం గారి చలవే. ఆయన ఒక్కసారి తమ అరుగు మీద కూర్చుని కాఫీ తాగితే చాలు, వీధి నోరు మూతపడుతుందని శేషారత్నం ఆశ. విశాఖ బీచ్ రోడ్డులో ఇలాంటి జంటలు తలెత్తుకుని నడిచే ప్రైడ్ వాక్ ఉందని, ఆ సభకి ఆయనే ముఖ్య అతిథి అని పేపర్లో చూసి, ఆ జెండా రంగులే ఉన్న నన్ను సంచిలో పెట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు.

ఆ సభకి ఆయన సరదాపడి వెళ్ళలేదు. కుర్రకారు ఓట్ల కోసం ఎవరో ఒకరు వెళ్ళి రమ్మంది అధిష్ఠానం. ఆ మాట వినగానే మిగతా ఎమ్మెల్యేలందరికీ ఇళ్ళల్లో శుభకార్యాలు వచ్చిపడ్డాయి. ఫోన్ ఎత్తిన పాపానికి ఈయన దొరికిపోయారు.

వేదిక ముందు ట్రాన్స్‌జెండర్ మహిళలు, చేతులు పట్టుకున్న మగ జంటలు, ఆడ జంటలు, కొడుకు పక్కన నిలబడ్డ తల్లులు కొందరు. సత్యలింగం గారు మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు. "ఇక్కడికి విచ్చేసిన సోదరులకు, సోదరీమణులకు, మిగతావారికి నమస్కారం. మా ప్రభుత్వానికి అందరూ సమానమే. మన సంస్కృతీ సంప్రదాయాలకు భంగం కలగకుండా, పెద్దల మనోభావాలు దెబ్బతినకుండా, సమయం సందర్భం చూసుకుని, చట్టానికి లోబడి, మీకు కావలసింది మీరు పొందాలని ఆకాంక్షిస్తున్నాను." అంతసేపు మాట్లాడి, ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఒక్కసారైనా పేరెత్తలేదు. ఆ నేర్పుకి నేను సంచిలోంచే దణ్ణం పెట్టాను.

అప్పుడు శేషారత్నం వేదికెక్కి నన్ను విప్పింది.

మీకు తెలియనిది కాదు, మన దగ్గర పార్టీ మారాలంటే సిద్ధాంతం చదవక్కర్లేదు. పెద్దాయన ముందు మెడ వంచితే కండువా పడుతుంది, మనిషి మారిపోతాడు. సత్యలింగం గారి మెడ అప్పటికే మూడు పార్టీల రంగులు చూసి, ప్రస్తుతం వంకాయ రంగులో విశ్రాంతి తీసుకుంటోంది. ఎదురుగా కండువా కనబడగానే ఆ మెడ అలవాటు కొద్దీ వంగిపోయింది. కెమెరాలు తళుక్కుమన్నాయి. ఆయనకి తెలివొచ్చేసరికి నేను ఆయన మెడలో ఉన్నాను.

"మాది మీ నియోజకవర్గమేనండి, సోమరాజుపాలెం. మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమంటన్నారండి. ఆదివారం వచ్చి మా అరుగు మీద కూర్చుని ఒక్క కాఫీ తాగి వెళ్ళండి బాబూ, చాలు" అంది శేషారత్నం, ఆయనకి మాత్రమే వినిపించేలా.

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "తప్పకుండా వస్తానమ్మా!" అన్నది జనమంతా విన్నారు. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లకి నేను కూడా పొంగిపోయాను. కొత్తదాన్ని కదా.

కారెక్కగానే ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోను వార్డు ప్రెసిడెంట్ కొండబాబుది.

"అన్నయ్యగారూ, టీవీలో చూశామండి. ఈ ఆరు రంగుల పార్టీ ఎవరు పెట్టారండి? మాకో మాట చెబితే మేమూ వచ్చేసేవాళ్ళం కదండి!"

"పార్టీ కాదురా!" అన్నారు సత్యలింగం గారు.

"అర్థమైందండి. ఇప్పుడే బయటపెట్టకూడదు. మేం చూసుకుంటామండి" అని కొండబాబు పెట్టేశాడు.

చూసుకున్నాడు కూడా. మర్నాటికల్లా సోమరాజుపాలెంలో ఆరు రంగుల కండువాలు మొలిచాయి. పార్టీ ఆఫీసు ముందు ఆరు రంగుల ఫ్లెక్సీ లేచింది. దాని మీద నన్ను వేసుకున్న సత్యలింగం గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. కండువాలు కుట్టే పని శేషారత్నానికే వచ్చింది, అవి కుట్టడం ఆవిడకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు మరి. మొన్న ఆ గుమ్మం వైపు చూసి ఉమ్మేసినవాళ్ళే వరసలో నిలబడి తొందరపెట్టారు. గంగాధరం కూడా ఒకటి భుజాన వేసుకొచ్చాడు.

"మీరు అన్నయ్యగారి మనుషులని ముందే చెప్పొచ్చు కదమ్మా! ఇల్లు మీదే అనుకోండి" అన్నాడు.

అలా మా ఊరు రెండు రోజుల పాటు సమానత్వానికి కట్టుబడింది. ఎవరికీ తెలియకుండానే కట్టుబడింది గాని, గట్టిగానే జైకొట్టింది. ఆ రెండు రోజులూ సులోచన వంట చేస్తూ పాటలు పాడిందట. ఇదంతా తర్వాత శేషారత్నం చెప్పుకుని ఏడిస్తే విన్నాను.

అధిష్ఠానం నుంచి ఫోన్ రావడంతో సత్యలింగం గారు ప్రెస్ మీట్ పెట్టారు. తాను పార్టీ మారలేదని, ప్రాణమున్నంత వరకూ వంకాయ రంగేనని ప్రమాణం చేశారు.

"మరి ఆ రోజు మీరు పలికిన మద్దతు సంగతేంటి సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"అది పూర్తిగా నా వ్యక్తిగతం" అన్నారాయన. బహిరంగ సభలో, మైకులో చెప్పింది వ్యక్తిగతం ఎలా అయిందో ఆ విలేఖరికి గాని, నాకు గాని బోధపడలేదు. సాయంత్రానికి ఊళ్ళో ఆరు రంగులు మాయమయ్యాయి. గంగాధరం తన కండువాతో స్కూటరు తుడుచుకున్నాడు. ఇల్లు మాత్రం ఆదివారం దాకా చూద్దామన్నాడు. ఎమ్మెల్యే వస్తానన్నారు కదా, వస్తే ఒక లెక్క, రాకపోతే ఒక లెక్క.

ఆదివారం ఆయన బయలుదేరారు. ఇచ్చిన మాట తప్పరని పేరు, అది పోకూడదు. నన్ను వేసుకోవాలా వద్దా అని కాసేపు గింజుకుంటే పీఏ భాస్కరం ఉపాయం చెప్పాడు. "వంకాయ రంగు పైకి వచ్చేలా మడవండి సార్. వాళ్ళు చూస్తే వాళ్ళ కండువా, మనవాళ్ళు చూస్తే మన కండువా." మిగతా అయిదు రంగులూ మడతలో ఊపిరాడక కొట్టుకున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డకి ఒళ్ళేమిటని మీరనుకోవచ్చు. ఆ రోజు నాకుంది.

అరుగు మీద కొత్త దుప్పటి పరిచిన కుర్చీ ఉంది. సులోచన డ్యూటీకి సెలవు పెట్టి పట్టుచీర కట్టుకుంది. వీధి వీధంతా కిటికీల్లో, గోడల మీద ఉంది. నల్ల అద్దాల కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. శేషారత్నం చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

ముందు తలుపు తీసుకుని దిగింది భాస్కరం ఒక్కడే.

"సార్ వచ్చారమ్మా. లోపలున్నారు. కాఫీ ఇలా ఇవ్వండి, కార్లోనే తాగుతారు" అన్నాడు.

కాఫీ గ్లాసు వెనక తలుపు సందులోంచి లోపలికొచ్చింది. సత్యలింగం గారు ఊదుకుంటూ మొత్తం తాగారు. "బాగుంది. చెప్పు, మన మద్దతు ఎప్పుడూ ఉంటుందని" అన్నారు భాస్కరంతో. ఆయన వచ్చారు, కాఫీ తాగారు, మద్దతు కూడా ఇచ్చారు. ఆయన మొహం మాత్రం వీధిలో ఎవరికీ కనబడలేదు. ఎదురింటి గోడ దగ్గర నిలబడ్డ గంగాధరం అద్దం దిగుతుందేమోనని చాలాసేపు చూశాడు. దిగలేదు. ఆయనే దిగనప్పుడు నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఇల్లు పోయిందని మాకందరికీ అప్పుడే తెలిసిపోయింది.

సులోచన అరుగు దిగి వచ్చి ఖాళీ గ్లాసు తీసుకుంది. తలుపు వేయనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు దిగక్కర్లేదు బాబూ. మా కండువా ఇచ్చేయండి" అంది.

ఆయన కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఊపిరి పీల్చుకున్నారు.

నెలాఖరున సామాను ట్రాలీ ఆటోకెక్కింది. మంచం కోళ్ళు వెనక్కి పొడుచుకొచ్చాయి. వెనకవాళ్ళకి కనబడేలా ఎర్రగుడ్డ కట్టమన్నాడు డ్రైవరు. శేషారత్నం నన్ను పూర్తిగా విప్పి, ఆరు రంగులూ రెపరెపలాడేలా మంచం కోడుకి కట్టింది. ఆటో బజారు మధ్యలోంచి, పార్టీ ఆఫీసు ముందు నుంచి వెళ్ళింది. మా వెనకాల నల్ల అద్దాల కారొకటి చిక్కుకుపోయింది. ఎంత హారన్ కొట్టినా ఆ ఇరుకు సందులో దాటడానికి లేదు. ఊరి పొలిమేర దాకా అది నా వెనకే నడిచింది. ప్రైడ్ వాక్‌లో సత్యలింగం గారు మొత్తం దూరం నడిచింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే అద్దె ఇంట్లో ఉన్నాను. ఇక్కడి వీధికి వాళ్ళు తాము అక్కచెల్లెళ్ళమని చెప్పలేదు. అడిగిన ఓనరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ అద్దె కాస్త పెంచి తాళం ఇచ్చింది. రోజూ పనయ్యాక శేషారత్నం నన్ను కుట్టుమిషన్ మీద కప్పుతుంది. వీధి తలుపు తీసే ఉంటుంది. నన్ను మడవమని ఇక్కడెవరూ అడగలేదు.