నలభై రెండో నంబరు

మా క్లాసు మూడో అంతస్తులో ఉంది. కిందినుంచి అరవై ఆరు మెట్లు. లిఫ్టు లేదు. నా బరువు నూట నాలుగు కిలోలు. మా ఆయన పోయాక మళ్ళీ బడికి వెళ్ళిన మొదటి వారంలోనే నలభయ్యో మెట్టు మీద కూలబడ్డాను. పిల్లలు పైనుంచి మంచినీళ్ళ సీసా తెచ్చి, నేను లేచేదాకా గోడకు ఆనుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ పిలిచారు.

"మీ మంచికే చెప్తున్నాను. లైబ్రరీ కిందే ఉంది. హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చు."

"ఆ పిల్లలకి ఆరో తరగతి నుంచి చెప్పుకొస్తున్నాను మేడమ్. వాళ్ళకిది చివరి ఏడాది."

"మెట్ల మీద మీకేమైనా అయితే?"

ఇంట్లో ఎలాగూ మాటలు లేవు. క్లాసు కూడా పోతే రోజంతా నోరు తెరిచే పనే ఉండదు. ఆ సంగతి ఆవిడతో అనలేదు. "నాలుగు నెలలు ఆగండి. అందాకా మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కుతాను. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఆగకుండా పైకెక్కి హాజరు పిలుస్తాను. పిలవలేకపోతే నేనే లైబ్రరీ తాళాలు అడుగుతాను" అన్నాను.

మళ్ళీ నడక మొదలుపెట్టాను. ఇంతకుముందు ఆయనా నేనూ కలిసి నడిచేవాళ్ళం. మోకాళ్ళకు వ్యాయామం చేయించే అమ్మాయి అప్పట్లో ఒక కొలత చెప్పింది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి; అదీ సరైన వేగం. "పాట సంగతి వదిలెయ్యమ్మా, ఆవిడ కూర్చున్నా పాడలేదు" అన్నారాయన. ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది.

ఈసారి ఒక్కదాన్నే గబగబా నడిచాను. వారం తిరక్కుండా మోకాలు వాచింది.

"మాట్లాడుతూ నడుస్తున్నారా టీచర్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఎవరితో?"

తలవంచుకుని మోకాలికి పట్టీ చుట్టింది. చుట్టడం అయ్యాక, "ఏదో ఒకటి పైకి అనుకోండి. ఎక్కాలైనా సరే" అంది.

ఎక్కాలు నావి కావు, లెక్కల మాస్టారివి. నాకు నోటికి వచ్చింది హాజరు. గేటు దగ్గర మొదలుపెట్టి మైదానం చుట్టూ నడుస్తూ ఒకటి, రెండు, మూడు అని పిలిచేదాన్ని. నంబరు నంబరుకీ ఆ పిల్ల గొంతు మనసులో పలికేది. మా క్లాసులో నలభై ఒక్కమంది. నలభై ఒకటి అయ్యేసరికి గేటు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండేది. ఒక సాయంత్రం నలభై రెండు అన్నాను. ఆ నంబరుకు పిల్లలెవరూ లేరు. ఎవరిని పిలిచానో నాకు తెలుసు. మర్నాడూ పిలిచాను. తరవాత అదే అలవాటైంది.

నాలుగు నెలలు నిండే ముందు ఆడపడుచు వచ్చి నన్ను తూకం యంత్రం ఎక్కించింది. నూట ఒకటి.

"ఇన్నాళ్ళు నడిచి మూడు కిలోలా వదినా? నీకన్నా నీ చెప్పులే ఎక్కువ చిక్కాయి."

"చెప్పులు అన్నం తినవు కదా."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నా కూర చప్పగా ఉందని వాళ్ళన్నయ్య ఇలాగే ఏడిపించేవారు.

బరువు గురించి అడిగితే వ్యాయామం అమ్మాయి పెద్దగా పట్టించుకోలేదు. "ఒక్క నడకతో అంత తొందరగా దిగదు టీచర్. ముందు ఆయాసం తగ్గుతుంది. ఆ ముల్లు చూడకండి, మెట్లెక్కి చూడండి."

బడి తెరిచిన రోజు కమ్మీ పట్టుకుని ఎక్కాను. నలభయ్యో మెట్టు దగ్గర కాళ్ళు ఆగబోయాయి. ఆగనివ్వలేదు. పైన హెడ్‌మిస్ట్రెస్ మా క్లాసు గుమ్మంలో నిలబడి ఉన్నారు. రిజిస్టరు తీశాను. చెమటకు కళ్ళజోడు జారుతోంది. ఒకటి. రెండు. గొంతు సన్నగానే వచ్చింది కానీ తెగలేదు. ముప్పై దాటాక వేలు వరసల వెంట జరగడం మానేసింది, నోరు దాని దారిన అది పిలుచుకుపోయింది.

"నలభై ఒకటి."

"ప్రెజెంట్ టీచర్."

"నలభై రెండు."

చివరి బెంచీలో పిల్ల మెల్లగా లేచింది. "టీచర్, మనం నలభై ఒక్కళ్ళమే కదా."

"అవునమ్మా. పొరపాటు. కూర్చో."

రిజిస్టరు మూశాను. హెడ్‌మిస్ట్రెస్ నన్ను చూసి, తరవాత పిల్లల వైపు చూశారు.

"రేపటినుంచి గంట కొట్టకముందే ఎక్కెయ్యండి. తరవాత మెట్ల మీద పిల్లల తోపులాట ఎక్కువ" అని కిందికి వెళ్ళిపోయారు.

క్లాసు నాకే దక్కింది. కూర్చుని పాఠం చెప్పాను.

సాయంత్రం మైదానానికి వెళ్ళాను. ఇక నలభై ఒకటి దగ్గర ఆపెయ్యాలనుకున్నాను. ఆపాను కూడా. గేటు ఇంకా నాలుగడుగులుంది.