గుర్వమ్మ ఒట్టు

పాతరలో వెలుతురు లేదు, వాసన ఉంది. ఎన్నో ఏళ్ళ జొన్నల వాసన. జొన్నలు సర్కారు లెవీ కింద బండ్లెక్కి పోయాయి. వాసన మాత్రం మట్టిగోడలను పట్టుకొని మిగిలింది. ఆ నేలమాళిగలో, మోకాళ్ళకు గడ్డం ఆనించుకొని, ఐలేశం కూర్చున్నాడు.

పోలీసు చర్య జరిగి, నిజాము రాజ్యం పోయిన మరుసటి ఏడు అది. తాళ్ళెక్కి కల్లు గీసిన ఐలేశం, కొంతకాలంగా గుట్టల్లోని సంఘం మనుషులకు కబుర్లు మోశాడు. ఇప్పుడు అతని కోసం జవాన్లు దేవరకొండ చుట్టుపక్కల పల్లెలన్నీ గాలిస్తున్నారు. సంఘానికి అన్నం పెట్టిన ప్రతి ఇంటి పేరూ అతనికి తెలుసు. దొరికితే ఆ పేర్లన్నీ కక్కిస్తారు. అందుకే అతని తల్లికి అక్క అయిన గుర్వమ్మ, తన పశువుల కొట్టంలోని ఖాళీ పాతరలోకి అతణ్ణి దించింది. మూతి మీద బండ జరిపి పేడతో అలికింది. గాలి కోసం, మేత వేసే గాడి కింద బెత్తెడు సందు వదిలింది. ఈ సంగతి పక్కింటి సత్తమ్మకు తప్ప మూడో మనిషికి తెలియదు.

మొదటి రోజే ఆ సందులోంచి పొగ పైకి లేచింది.

"ఓరి నీ చుట్ట పాడుగాను! లోపట పొయ్యి రాజేసినవా కొడుకా? గీ పొగ జూసి జవాన్లు బువ్వకొస్తరనుకున్నవా?"

"నాతోని కాదు పెద్దవ్వా. అన్నం లేకున్న ఉంట. చుట్ట లేకుంటె పాణం గుంజుతది."

గుర్వమ్మ బండ మీద చతికిలపడింది. ఆమె నోట్లోనూ చుట్ట కాలుతూనే ఉంది. పెళ్ళినాటి నుంచి ఆరని నిప్పు అది. దమ్ము రోగం పట్టుకొని, ఊపిరి ఈల వేస్తున్నా ఆమె వదలని నిప్పు.

"ఐతె ఇను. నేను గూడ మానుత. నువ్వు లోపట, నేను మీద. ముసల్దాన్ని నాతోనైతె పడుసోనివి నీతోని కాదా?"

అన్నంత పనీ చేసింది. తాటివనంలో గీతవాళ్ళ దేవుడు కాటమయ్య రాయి ముందు, చుట్టల సంచిని నిప్పుల్లో వేసి ఒట్టు పెట్టుకుంది. దారి పొడుగునా కనిపించినవాళ్ళకల్లా చెప్పింది. ఊరికి ఎరుకైతే తన ఒట్టుకు ఊరే కావలి ఉంటుందని ఆమె నమ్మకం.

"గుర్వమ్మ చుట్ట మానిందట! ఇగ ఈ ఏడు మబ్బులెక్కడియి, వానలెక్కడియి?" అని ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆనాటి నుంచి సందులోంచి చుట్టలకు బదులు వేయించిన చింతగింజలు రాలేవి.

"నమలకు, సప్పుడైతది. బుగ్గన వెట్టుకోని చప్పరించు. నాకు పండ్లు లెవ్వు గన్క నాదెట్లాగు చప్పరించుడే."

పైన ఆమె, కింద అతడు. నడుమ ఒక బండ.

"ఎట్లున్నది కొడుకా?"

"గుంజుతాంది పెద్దవ్వా."

"నాకు గూడ గుంజుతాంది. జర ఆగు. వచ్చినట్లే పోతది."

నిజంగానే పోయేది. మళ్ళీ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ పైనుంచి ఆ గొంతు ఉండేది. ఐలేశం దగ్గు తగ్గింది. గుర్వమ్మ ఊపిరిలో ఈల సన్నగిల్లింది.

ఒక ఉదయం ఆమె సందు దగ్గర వంగింది. "నీ జోడు లింగయ్యను గుట్ట కాడ కాల్చిండ్రట బిడ్డా. వాళ్ళమ్మ కాడికి పోయొస్త. నువ్వు కదలకు."

ఆమె అడుగులు దూరమయ్యాయి. గింజ బుగ్గనే ఉంది, రుచి లేదు. నిన్నటిదాకా లింగయ్య ఉన్నాడు, ఇప్పుడు లేడు. ఐలేశం చేయి తనకు తెలియకుండానే రుమాలు మడతలోకి పోయింది. అక్కడ, ఎన్నడో దాచి మరిచిన చుట్టముక్క ఉంది. చెకుముకి రాయి ఉంది. నిప్పు రాలింది.

గుర్వమ్మ తిరిగి వచ్చేసరికి వాకిట్లో పోలీసు పటేలు ఉన్నాడు. వెనక జవాన్లు. గాడి పక్కన సన్నని పొగ. ఆమె ఎవరినీ చూడనట్టే నడిచి వెళ్ళి, బండ మీద కూర్చుంది.

"పొగ వాసనేందే ముసల్దానా? చుట్ట మానినవని ఊరంత డప్పు గొట్టినవ్ గద!"

ఐలేశం పిడికిట్లో నిప్పు నలిపాడు. అరచేయి కాలింది. ఆమె ఒట్టు పెట్టుకోకపోతే ఈ పొగను ఎవరూ అడిగేవారు కాదు. తన కోసం పెట్టుకున్న ఒట్టే తన తల మీదికి వచ్చింది.

"ఒట్టైతె వెట్టిన పటేలా. కక్కుర్తి ఆగలే. సాటుకు తాగుతున్న."

"గట్లనా?" పటేలు మొలలోంచి చుట్టలు తీసి ఆమె ఒళ్ళో పడేశాడు. "తాగు. నిజంగ తాగేదానివో కాదో, జూద్దం."

ఆమె ముట్టించింది. ఒకటి ముగిస్తే ఇంకొకటి. వాకిట్లో జనం మూగారు. "కాటమయ్య మీది ఒట్టును గూడ తిన్నదమ్మో" అని ఎవరో ఉమ్మేశారు. జవాన్లు నవ్వారు. కింద ఐలేశం గొంతులో దగ్గు పొంగింది. పైన ఆమె దగ్గింది. మళ్ళీ పొంగింది, మళ్ళీ దగ్గింది. తన దగ్గు కింద అతని దగ్గును దాచింది. పటేలుకు విసుగొచ్చి లేచేదాకా దాచింది.

పొద్దు వాలాక సందులోంచి గింజలు రాలాయి.

"తప్పు జేసిన పెద్దవ్వా" అని ఐలేశం వెక్కాడు.

"ఇయ్యాలది లెక్కల వట్టకు బిడ్డా. ఇద్దరం తప్పినం. రేపు పొద్దుగాల మల్ల ఇద్దరం మొదలువెడదం."

మొదలుపెట్టారు. కానీ దమ్ము ఆమెను వదలలేదు. బండ మీద ఆమె ఊపిరి కొలిమి తిత్తిలా వినిపించేది. ఆ ఊపిరి మీదే "ఎట్లున్నది కొడుకా" అనే మాట వచ్చేది. ఒకనాడు ఆ మాటకు బదులు సత్తమ్మ ఏడుపు వచ్చింది. తరువాత చావుడప్పు. కొడుకులు లేని పెద్దవ్వ పాడెకు భుజం పట్టవలసినవాడు ఆమె బండ కిందే ఉండిపోయాడు.

గుర్వమ్మ పేరిట పిట్టకు పెట్టే రోజు సత్తమ్మ సందు దగ్గర వంగి చెప్పింది. "కల్లు, కోడికూర వెడుతున్నరు. చుట్టల కట్ట గూడ. ఆమెకు పాణం గద అని."

"చుట్ట వద్దను అక్కా. ఆమె మానింది."

"ఎట్లంట తమ్మీ? తాగంగ ఊరంత జూసె. ఎందుకు తాగిందో చెప్పొస్తదా?"

చెప్పరాదు. ఐలేశం గుప్పెడు చింతగింజలు సందులోంచి పైకి అందించాడు. "ఇవి వెట్టు."

సాయంత్రం సత్తమ్మ తిరిగి వచ్చింది. "వెట్టిన. పండ్లు లేని ముసల్దానికి చింతగింజలేందని నవ్విండ్రు."

కాకి ఏది ముట్టిందో అతడు అడగలేదు. సత్తమ్మ వెళ్ళిపోయింది. తన కోసం మిగుల్చుకున్న ఒక్క గింజను బుగ్గన పెట్టుకున్నాడు. నమలలేదు. పైన బండ ఖాళీగా ఉంది; ఎవరూ ఏమీ అడగలేదు.

"గుంజుతాంది పెద్దవ్వా" అన్నాడు ఐలేశం, మెల్లగా.