బరువెక్కిన పిట్ట

ఆ కొండ మీద ఎవరింటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు అడుగుతారు. దాహానికి కాదు. గ్లాసు నేల మీద పెట్టి, నీళ్లు ఏ అంచుకు ఒరిగాయో చూడటానికి. పాత గుళ్లలోంచో బురుజుల్లోంచో ఊడదీసిన రాయి చోటు మారిందంటే పూటపూటకీ బరువెక్కుతుంది. దాన్ని దాచిన ఇంటి నేల కుంగుతుంది. అది అందరికీ తెలిసిందే కనుక ఎవరూ నొచ్చుకోరు. "చూసుకోండి, చూసుకోండి" అంటూ గ్లాసు వాళ్లే చేతికిస్తారు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు సైతం పిల్లను తర్వాత, నేలను ముందు చూస్తారు.

ఆ రోజూ ఎప్పట్లాగే మేస్త్రి సున్నం కలిపి, తట్ట నెత్తిన పెట్టుకుని చిన్నగుడికి వెళ్లాడు. గుమ్మం పైన ఉండాల్సిన రాతి పిట్ట లేదు. చుట్టూ ఉన్న గచ్చును ఎక్కడా పెచ్చు లేవకుండా, నారింజ తొక్క తీసినట్టు ఒలిచారు. ఆ గుడి బాగోగులన్నీ మేస్త్రివే. పైగా మర్నాడే ఆఫీసరు వస్తున్నాడు. కొండంతా రక్షిత ప్రాంతమైంది కనుక, కింది వరస ఇళ్లన్నీ ఖాళీ చేయించి తాళాలు వేస్తారు. ఆ వరసలోనే మేస్త్రి చెల్లెలి ఇల్లు కూడా ఉంది.

అతని అనుమానం తిన్నగా బావ మీదికి పోయింది. చెల్లెలి మొగుడు కొండ మీద కాపలాదారు. తాళంచెవులన్నీ అతని నడుముకే వేలాడతాయి. ఇల్లు పోతోందని కొన్నాళ్లుగా కుతకుతలాడుతున్నాడు. పోతూపోతూ ఒక రాయి చంకన పెట్టుకుపోదామనుకున్నాడేమో!

మధ్యాహ్నం మేస్త్రి వాళ్లింటికి వెళ్లేసరికి మూటలన్నీ గోడవారగా పేర్చి ఉన్నాయి. బావ డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"కాసిని మంచినీళ్లివ్వమ్మా" అన్నాడు మేస్త్రి చెల్లెలితో.

"టీ తాగు బావా. నీళ్లు నేను పొద్దున్నే చూసేశాలే. తిన్నగానే ఉన్నాయి" అన్నాడు బావ తలెత్తకుండా. "ఆ తర్వాత మీ ఇంటికెళ్లి అక్కడా చూసొచ్చా."

"మా ఇంట్లోనా?"

"మరి? గచ్చు అంత నున్నగా ఒలవడం తాళాలు వేసుకునేవాడికి చేతనవుతుందా? నువ్వు తీసి నా నెత్తిన రుద్దుతావేమోనని నా భయం నాది."

మేస్త్రికి ఒళ్లు మండింది. "నన్నే అంటావా? సిగ్గులేదూ?"

"నువ్వు నన్ను అనుకునే వచ్చావుగా!" అంటూ బావ టోపీ దులిపి పెట్టుకుని వెళ్లిపోయాడు.

చెల్లెలు గ్లాసు తెచ్చి నేల మీద పెట్టింది. నీళ్లు వంటింటి వైపు ఒరిగాయి. మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"పిండి డబ్బా వెనక ఉంది అన్నయ్యా" అంది. "నీకు అన్నం తెచ్చి, నువ్వు పని ముగించేదాకా పక్కనే కూర్చునేదాన్ని కదా. చూసిచూసి నాకూ వచ్చేసింది."

"పిచ్చి పట్టిందటే నీకు? ఎందుకు చేశావీ పని?"

"ఆఫీసు బోర్డు మీద ఏముందో నువ్వే చదివి చెప్పావు. పాత రాయి ఎక్కడుంటే అక్కడి గోడలు కదపకూడదు, కాపలా మనిషి అక్కడే కాపురముండాలి అని. ఆ మాటకు నువ్వు పడీపడీ నవ్వావు. నాకు నవ్వు రాలేదు."

మేస్త్రి వంటింట్లోకి వెళ్లి డబ్బా జరిపాడు. పిట్ట అరచేతిలో పట్టేంతే ఉంది. దాని కింద బండ అప్పుడే బీటలు వారింది. రెండు చేతులా పట్టి లేపితే నడుం కలుక్కుమంది కానీ, లేచింది.

"సాయంత్రానికి అది ఎవరివల్లా కాదు" అంది చెల్లెలు. "తీసుకెళ్లేదుంటే ఇప్పుడే తీసుకెళ్లు. నేను అడ్డుపడను. ఆయనకు మాత్రం చెప్పకు. ఆయన కడుపులో మాట దాగదు."

ఆ పిట్ట ఇక్కడ దొరికితే వేలు ఎవరి వైపు చూపిస్తారో మేస్త్రికి తెలుసు. గచ్చు ఒలిచే చెయ్యి కొండ మొత్తానికీ అతనిదొక్కటే. చెల్లెలి మీద కోపమొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. గుడికి పుట్టెడు అన్యాయం జరిగిందనీ అనిపించింది. పిట్టను చేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇంకాసేపుంటే వేళ్లు ఊడిపోతాయనిపించాక దించాడు. డబ్బా వెనక కాదు, వంటింటి నట్టనడుమ, అందరికీ కనబడేలా.

"టీ పెట్టు" అన్నాడు.

మర్నాడు ఆఫీసరు మనుషులు గునపాలు వేసి పెకలించబోయారు, తాళ్లు కట్టి లాగారు. పిట్ట రెక్క కూడా కదల్లేదు. ఆఫీసరు బోర్డు మీది మాట తనే పైకి చదువుకుని, ఆ ఇంటి తలుపుకు వేయబోయిన తాళం జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గుడికి వెళ్లి గచ్చు చూసొచ్చి, "ఇది ఎవరి పని?" అన్నాడు.

"నాదే" అన్నాడు మేస్త్రి. చెల్లెలు ఏదో అనబోతే కళ్లెర్రజేశాడు.

అతని చేతిలోంచి తాపీ తీసేసుకున్నారు. ఇప్పుడతను కొండ కింద కొత్త ఇళ్లకు సిమెంటు పూస్తున్నాడు. సెలవు రోజున చెల్లెల్ని చూడటానికి వస్తాడు. బావ మర్యాదగానే కుర్చీ వేస్తాడు, టీ ఇప్పిస్తాడు. అతను వీధి మలుపు తిరగగానే మాత్రం, ఏం పోయిందోనని ఇల్లంతా వెతుక్కుంటాడు.